కాంక్‌లో ఒక రాత్రైనా ఉండండి: సాంత్ ఫ్వా చర్చి, దాని రాళ్లు, దాని వెలుతురు

ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో కాపురం పెట్టాక, మా ఇంటికి వచ్చే చుట్టాలకు నేను పట్టుబట్టి చూపించే ఊరు కాంక్. పారిస్, ఈఫిల్ టవర్, డిస్నీల్యాండ్ ఎవరికి వాళ్లే చూసుకుని వస్తారు. ఈ పల్లె సంగతి మాత్రం ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. అవేరాన్ జిల్లా కొండల్లో, ఊష్ వాగు వెళ్లి దుర్దూ నదిలో కలిసే చోటికి కాస్త పైన, నిటారు వాలుకు అంటిపెట్టుకుని ఉంటుంది. ఇళ్లన్నీ కలిపినా మన దగ్గర ఒక వీధి అంత. ఆ ఇళ్ల మధ్య నుంచి మూడు బురుజులతో సాంత్ ఫ్వా చర్చి లేచి నిలబడుతుంది. ఇంత ఊరికి అంత కట్టడం ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న చూసిన క్షణంలోనే పుడుతుంది.

ఈసారి అమ్మానాన్నలను తీసుకెళ్లాను. నాన్న ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారం. బస గురించి, భోజనం గురించి, నడక గురించి కింద రాసిన అభిప్రాయాలు ఆ కళ్లతో చూసి రాసినవే. మీ వెంట పెద్దవాళ్లు ఉంటే పనికొస్తాయి.

ముందే చెప్పేస్తాను. చాలామంది బస్సులో మధ్యాహ్నం దిగి, తలుపు మీది శిల్పం ఫొటో తీసుకుని, ఒక ఐస్‌క్రీమ్ తిని సాయంత్రానికి వెళ్లిపోతారు. అలా చూస్తే కాంక్‌లో సగం కూడా చూసినట్టు కాదు. ఈ చర్చి పొద్దున ఒక రకంగా, సాయంత్రం మరో రకంగా, రాత్రి ఇంకో రకంగా ఉంటుంది. ఒక రాత్రైనా అక్కడ పడుకుంటేనే ఇది తెలుస్తుంది.

కారుంటే తులూజ్ నుంచి ఆల్బి, రోదేజ్ మీదుగా రెండున్నర గంటల పైనే పడుతుంది. చివరి భాగం మెలికల రోడ్డు కాబట్టి కారులో కళ్లు తిరిగే వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. కారు లేకపోతే తులూజ్ నుంచి రోదేజ్ దాకా రైలుంది. పారిస్ ఆస్తర్లిట్జ్ స్టేషన్ నుంచి రోదేజ్‌కు రాత్రి రైలు కూడా ఉంది. రోదేజ్ నుంచి కాంక్ దాదాపు 40 కిలోమీటర్లు. ఆ 40 కిలోమీటర్లే అసలు ఇబ్బంది. బస్సులు చాలా తక్కువ, సెలవు రోజుల్లో మరీ తక్కువ. టాక్సీ ముందే మాట్లాడుకోవాలి. పెద్దవాళ్లతో అయితే రోదేజ్‌లో కారు అద్దెకు తీసుకోవడమే సుఖం. కాంక్‌లో బయటి బళ్లను ఊళ్లోకి రానివ్వరు. ఊరి అంచున డబ్బు కట్టే పార్కింగ్ ఉంది, అక్కడి నుంచి నడకే.

ఆ నడక గురించి కాస్త వివరంగా చెప్పాలి. సందులన్నీ రాళ్లు పరిచినవి, చదును తక్కువ, వాలు ఎక్కువ. వర్షం పడితే జారుతాయి. అమ్మ చేతికర్ర పట్టుకుని, మధ్యమధ్యలో గోడ పక్కన ఆగుతూ దిగింది. చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ల మీద లాగడం నరకం. ఒక రాత్రికి కావలసినంత చిన్న సంచిలో సర్దుకుని మిగతాది కారులోనే వదిలేయండి.

ఇక అసలు కథ. 8వ శతాబ్దం చివర దాదోన్ అనే సన్యాసి ఈ లోయలో ఒంటరిగా తపస్సుకు కూర్చున్నాడు. ఆయన చుట్టూ మరికొందరు చేరి మఠమైంది. 819లో, పశ్చిమ యూరప్‌ను ఏలిన షార్లమేన్ కొడుకు లూయీ చక్రవర్తి భూములిచ్చి ఆదుకున్నాడు. అయితే ఆ కాలంలో మఠం నిలబడాలంటే భూములొక్కటే చాలవు, జనం మొక్కుకోవడానికి ఒక పరిశుద్ధుడి అవశేషాలు కావాలి. కాంక్‌కు అవి లేవు. అక్కడికి పడమరగా ఉన్న ఆజాన్ పట్టణంలో ఉన్నాయి. రోమన్ల కాలంలో, 303 ప్రాంతంలో, విగ్రహాలకు బలి అర్పించనని చెప్పి ప్రాణాలు వదిలిన ఫ్వా అనే చిన్నపిల్ల అవశేషాలు అవి. సాంత్ అంటే పరిశుద్ధురాలు. పన్నెండేళ్ల పిల్ల అంటారు. కాంక్ మఠం నుంచి ఒక సన్యాసి ఆజాన్ వెళ్లి, అక్కడి వాళ్లలో ఒకడిగా ఏళ్ల తరబడి మెలిగి, నమ్మకం సంపాదించి, సమాధికి కాపలా కూడా తనకే అప్పగించాక, 866 ప్రాంతంలో ఆ ఎముకలు తీసుకుని కాంక్‌కు వచ్చేశాడు. మఠం వాళ్లు దీన్ని దాచుకోలేదు. పరిశుద్ధురాలికి ఇష్టం లేకపోతే ఆమె కదిలేదే కాదు, కాబట్టి ఇది ఆమె ఇష్టమే అని రాసుకున్నారు.

దానితో ఊరి దశ తిరిగింది. ఖైదీలను సంకెళ్ల నుంచి విడిపిస్తుందని, చూపు పోయినవాళ్లకు చూపునిస్తుందని పేరొచ్చింది. తర్వాత స్పెయిన్‌లోని సాంటియాగో దె కాంపొస్తెలాకు నడిచి వెళ్లే యాత్రికుల దారి ఈ ఊరి గుండానే సాగింది. ల ప్యుయి పట్టణంలో మొదలయ్యే ఆ దారిలో ఇప్పటికీ వీపున సంచులు వేసుకుని జనం నడుస్తూనే ఉన్నారు. వాళ్లు కొండ మీది రాళ్ల బాటన దిగి ఊళ్లోకి వస్తారు, షార్లమేన్ వీధి గుండా దిగి దుర్దూ మీది పాత రాతి వంతెన దాటి మళ్లీ కొండెక్కుతారు. 1998లో యునెస్కో ఈ యాత్రామార్గాన్ని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కాంక్ చర్చినీ, ఆ వంతెననూ అందులో పెట్టింది.

వచ్చే జనం పెరిగే కొద్దీ పాత చర్చి చాలలేదు. 11వ శతాబ్దం మధ్యలో ఒడోల్రిక్ అనే మఠాధిపతి కొత్తది మొదలుపెట్టాడు. తర్వాతి మఠాధిపతులు కొనసాగించారు. 12వ శతాబ్దం మొదటి పాతికేళ్లలో, బోనిఫాస్ కాలానికి, ముగింపుకొచ్చింది. నాన్న ఈ సంగతి పుస్తకంలో చదవకముందే గోడ చూసి పట్టేశారు. చర్చి వెనక్కి, అంటే తూర్పు వైపుకు, తీసుకెళ్లి నాకు చూపించారు.

"చూడమ్మా, కింద ఎర్ర ఇసుకరాయి. పైకి పోయే కొద్దీ పసుపు రాయి. ఒకే చేతి పని కాదిది. మధ్యలో క్వారీ మారింది, మనుషులూ మారారు."

నిజమే. మొదటి దశలో ఎక్కువగా ఎర్ర ఇసుకరాయి వాడారు, తర్వాత పసుపు సున్నపురాయి. వాటి మధ్య ఖాళీలు నింపడానికి ఇక్కడి నేలలోనే దొరికే బూడిదరంగు పలకరాయి. ఊళ్లో ఇళ్ల కప్పులన్నీ ఆ పలకరాయే, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఎర్ర రాయి వానకు ఎలా పొడి రాలుతుందో, పసుపు రాయి అంచులు ఇంకా ఎంత పదునుగా ఉన్నాయో వేలితో తడిమి చూడవచ్చు. దక్షిణం గోడకు ఆనుకుని బెగోన్ మఠాధిపతి సమాధి ఉంది, ఆగి చూడండి. 1107లో చనిపోయిన ఈయనే మఠానికి ప్రాంగణపు వసారాలు కట్టించాడు. వాటిలో ఇప్పుడు కొద్ది భాగమే మిగిలింది. మిగతాది 19వ శతాబ్దంలో పోయింది.

లోపలికి వెళితే మొదట ఆశ్చర్యపరిచేది ఎత్తు. పొడవు 56 మీటర్లే. కొండవాలు అంతకంటే చోటివ్వలేదు. కానీ మధ్య భాగం ఎత్తు 22 మీటర్లు, వెడల్పు అందులో మూడో వంతు కూడా ఉండదు. పైన గుండ్రటి రాతి కమాను. ఆ బరువు పక్కలకు తోస్తుంది కదా, దాన్ని ఏది ఆపుతోంది అని నాన్న అడిగారు, తర్వాత తనే జవాబు వెతుక్కున్నారు. రెండు పక్కలా వసారాల మీద పై అంతస్తు గ్యాలరీలు ఉన్నాయి. వాటి కప్పు సగం కమాను. అంటే పావు వృత్తం. బయటి గోడ మీద కాలు మోపి, మధ్య కమాను భుజాన్ని పట్టుకుని నిలబడుతుంది. పెద్ద కిటికీలు పెట్టడానికి మధ్య గోడలో చోటు లేదు, వెలుతురంతా గ్యాలరీల మీదుగా వడకట్టినట్టు వస్తుంది. "వంకర పెట్టడానికి లేదు, ఒక్క రాయి తీసినా మాట వినదు" అని ఆయన మెచ్చుకున్న తీరు నాకు ఏ గైడు మాటల్లోనూ దొరకలేదు.

జనం వరుసగా నడిచి వెళ్లే ఏర్పాటు కూడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పక్క వసారాలోంచి వెళ్లి, బలిపీఠం వెనక నుంచి గుండ్రంగా తిరిగి, చిన్న చిన్న గదుల్లోని పీఠాల ముందు ఆగుతూ, అవతలి వసారాలోంచి బయటికి. ప్రార్థన జరుగుతున్నా యాత్రికుల కదలిక ఆగదు. తులూజ్‌లోని సాంత్ సెర్నాన్ చర్చిది, సాంటియాగోది కూడా ఇదే పద్ధతి. బలిపీఠం చుట్టూ ఉన్న ఇనుప కటకటాలు దగ్గరికి వెళ్లి చూడండి. విడుదలైన ఖైదీలు తెచ్చి మొక్కు చెల్లించిన సంకెళ్లను కరిగించి చేశారని ఇక్కడివాళ్లు చెబుతారు. చుట్టలు చుట్టలుగా వంచిన ఇనుము, పైన కోసుగా మొనలు. చర్చి శిలువ ఆకారంలో ఉంటుంది. మధ్యలో దాని రెండు భుజాలు కలిసే చోట పైన ఎనిమిది పలకల గోపురం ఉంది. పాతది కూలిపోతే 15వ శతాబ్దంలో మళ్లీ కట్టారు. అందుకే అక్కడ మాత్రం రాతి పక్కటెముకలు కనిపిస్తాయి. ఉత్తరం వైపు భుజంలో, పైన, దూత మరియమ్మకు శుభవార్త చెప్పే శిల్పం ఉంది. చాలామంది తలెత్తకుండా వెళ్లిపోతారు.

ఇప్పుడు తలుపు మీది శిల్పం. పడమటి ద్వారం పైన అర్ధచంద్రాకారంలో చెక్కిన తుది తీర్పు. 124 బొమ్మలు. దాదాపు తొమ్మిది వందల ఏళ్లు ఎండకూ వానకూ నిలబడింది. నీలం, ఎరుపు రంగుల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. మధ్యలో క్రీస్తు. కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి కిందికి. అక్కడి నుంచి అంతా రెండుగా చీలిపోతుంది. మనకు ఎడమవైపు పరలోకం, కుడివైపు నరకం.

పరలోకం వైపు వరుసలో మరియమ్మ, తాళంచెవితో పేతురు, కర్ర పట్టుకున్న సన్యాసి, ఆ వెనక ఒక మఠాధిపతి చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్న రాజు. ఆ రాజు షార్లమేన్ అంటారు. అంతటి చక్రవర్తి కాస్త తలవంచుకుని, బెరుకుగా నడుస్తాడు. ఆయన వెనక సన్యాసులు, ఆయన మఠానికి ఇచ్చిన కానుకలను సాక్ష్యంగా మోసుకొస్తున్నారు. అధికారం చూసి లోపలికి రానివ్వరు, ఇచ్చింది చూసి రానిస్తారు అని అంతకంటే సూటిగా చెప్పలేరు. దాని కింద మూలలో ఒక చిన్న చర్చి బొమ్మ, కమానులకు వేలాడుతున్న సంకెళ్లు, నేల మీద సాగిలపడ్డ ఫ్వా, ఆమె వైపు మేఘంలోంచి చాచిన దేవుడి చెయ్యి. లోపల ఇనుప కటకటాలు చూసి వచ్చాక ఈ సంకెళ్లు చూస్తే విషయం అర్థమవుతుంది.

క్రీస్తు పాదాల కింద ఆత్మల తూకం. ఒక పక్క మిఖాయేలు దూత, ఎదురుగా దెయ్యం, మధ్యలో తక్కెడ. దెయ్యం తన వైపు పళ్లేన్ని వేలితో నొక్కుతోంది. అయినా మొగ్గు మంచివైపే ఉంది. ఇద్దరూ మొహంలో మొహం పెట్టి చూసుకునే తీరు చాలాసేపు చూశాను. నరకం వైపు శిల్పి చెయ్యి మరింత విజృంభించింది. గుర్రం మీది నుంచి తలకిందులుగా పడుతున్న గర్విష్ఠి సైనికుడు, మెడలో డబ్బు సంచితో ఉరి వేలాడుతున్న పిసినారి, కిరీటం తప్ప ఒంటి మీద నూలుపోగు లేని రాజు, వలలో చిక్కుకున్న చెడ్డ సన్యాసులు. దొంగవేట చేసినవాణ్ని కర్రకు కట్టి కాలుస్తున్న దెయ్యానికి కుందేలు తల. మఠాధిపతి చేతికర్రతో ఉన్నవాణ్ని కూడా నరకంలో పెట్టే ధైర్యం ఆ మఠానికి ఉండడం నాకు అన్నిటికన్నా నచ్చింది. కింద లాటిన్‌లో చెక్కిన వాక్యం పాపులతో మాట్లాడుతుంది: నడవడి మార్చుకోకపోతే కఠినమైన తీర్పు తప్పదని. బయటి అంచున మాత్రం వరుసగా చిన్న తలలు, రాతి చుట్టును వేళ్లతో పట్టుకుని తొంగి చూస్తుంటాయి. పిల్లలుంటే వాటిని లెక్కపెట్టమనండి.

వివరణ ఎక్కడ వినాలి? పగలు టూరిస్టు ఆఫీసు వాళ్ల గైడుతో తిరగడం ఒక పద్ధతి. అది చర్చి ఎదుటే ఉంది. తేదీలు, నిర్మాణం సంగతులు అక్కడ బాగా తెలుస్తాయి. రాత్రి భోజనాల తర్వాత మఠం సోదరుల్లో ఒకరు ద్వారం ముందు నిలబడి బొమ్మ బొమ్మనూ చూపిస్తూ చెబుతారు. ఫ్రెంచ్‌లోనే. నేను మెల్లగా తెలుగులో చెబుతుంటే అమ్మ ఆ కుందేలు దగ్గర గట్టిగా నవ్వింది. నా ఓటు రాత్రిదానికే. ఎదురుగా మెట్ల మీద కాళ్లకు పట్టీలు కట్టుకున్న యాత్రికులు కూర్చుని వింటారు. వినేవాళ్లను బట్టి చెప్పేవాడికి ఊపొస్తుంది. సీజన్‌లో ఆ తర్వాత శిల్పం మీద రంగుల వెలుతురు వేసి, ఒకప్పుడు ఎలా ఉండేదో చూపిస్తారు. గ్యాలరీల్లోకి ఎక్కనిస్తారు, కింద ఆర్గన్ మోగుతుంది. స్తంభాల తలల మీది శిల్పాలను కళ్లెదురుగా చూసే అవకాశం అదొక్కటే. మెట్లు ఇరుకు. అమ్మ కిందే కూర్చుని ఆర్గన్ విన్నది. అలా ఉండిపోయినా నష్టపోరు.

కిటికీల గురించి వేరుగా చెప్పకపోతే కుదరదు. చర్చిలో 104 కిటికీలు, రంధ్రాలు కలిపి. అన్నిటికీ చిత్రకారుడు పియర్ సులాజ్ చేసిన గాజులే. ఆయన పక్కనే రోదేజ్‌లో 1919లో పుట్టాడు. కుర్రవాడిగా ఈ చర్చి చూసినప్పుడే చిత్రకారుణ్ని కావాలనుకున్నానని చెప్పేవాడు. అంతా నలుపుతో వేసే చిత్రాలకు ప్రపంచమంతా పేరున్న ఆ మనిషికి 1986లో ఈ పని అప్పగించారు. 1994కు పూర్తయింది. తులూజ్‌లోని జాన్ దొమినిక్ ఫ్లూరీ వర్క్‌షాపులో గాజులు కూర్చారు. బొమ్మ లేదు, రంగూ లేదు. పాలలా మసకగా ఉండి, వెలుతురును లోపలికి పంపుతూ బయటి దృశ్యాన్ని మాత్రం చూపించని గాజు. ఆ గాజే బజారులో దొరక్క, ఎన్నో ప్రయోగాల తర్వాత తయారుచేయించుకున్నాడు. దాని మీద ఏటవాలుగా, కొద్దిగా వంపు తిరిగిన సీసపు గీతలు. అంతకుముందు 20వ శతాబ్దం మధ్యలో పెట్టిన రంగు బొమ్మల కిటికీలను తీసేశారు కాబట్టి ఊళ్లో అప్పట్లో చాలామందికి కోపం వచ్చింది.

పొద్దున అమ్మ వాటిని చూసి, "ఇంత పెద్ద గుడికి మామూలు అద్దాలు పెట్టారేంటే" అంది. సాయంత్రం ప్రార్థన వేళకు మళ్లీ వెళ్లాం. పడమటి వైపు కిటికీలు వెచ్చటి నారింజ ఛాయలోకి మారాయి, ఎదురు గోడవి చల్లటి నీలంగా. ఒకే గాజు. సూర్యుడు కదులుతున్న కొద్దీ గోడ మీది రాళ్లు వేరుగా కనిపించాయి. ఎర్ర రాయి ఎరుపు తేలింది, పసుపు రాయి తేనెరంగుకు వచ్చింది. రంగు గాజులుండి ఉంటే ఈ రాళ్ల రంగులు చచ్చిపోయేవి. అమ్మ ఇంకేమీ అనలేదు, చీకటిపడే దాకా లేవలేదు. బయటి నుంచి చూస్తే అదే గాజు మీద ఆకాశం నీలంగా మెరుస్తుంది. సులాజ్ 2022లో పోయాడు. రోదేజ్‌లో ఆయన మ్యూజియం 2014 నుంచి ఉంది. కిటికీలు నచ్చితే వెళ్లే దారిలో అదీ చూడండి.

నిధి మ్యూజియానికి టికెట్ వేరే. తప్పకుండా కొనండి. గాజు వెనక 85 సెంటీమీటర్ల బంగారు విగ్రహం, సింహాసనం మీద కూర్చున్న ఫ్వా. లోపల చెక్క, పైన బంగారు రేకు, దాని మీద శతాబ్దాల పాటు భక్తులిచ్చిన రాళ్లు, ముత్యాలు, రోమన్ల కాలపు చెక్కుడు మణులు. తల మాత్రం అంతకంటే చాలా పాతది. రోమన్ సామ్రాజ్యపు చివరి రోజుల్లో ఎవరి కోసమో చేసిన బంగారు తలను తెచ్చి అమర్చారు. అందుకే పన్నెండేళ్ల పిల్లకు అంత పెద్ద, కఠినమైన ముఖం. మన ఉత్సవ విగ్రహం లాగే దీన్ని ఊరేగింపుగా బయటికి తీసుకెళ్లేవాళ్లు. మఠం భూమిని ఎవరైనా ఆక్రమిస్తే అక్కడికే మోసుకెళ్లేవాళ్లు.

1013 ప్రాంతంలో ఆంజే పట్టణం నుంచి బెర్నార్ అనే బడి పంతులు వచ్చాడు. ఇలాంటి విగ్రహాల ముందు మోకరిల్లడం రోమన్ల దేవుళ్లను కొలిచినట్టే కదా అని దారిలో మరో పరిశుద్ధుడి విగ్రహాన్ని చూసి ఎగతాళి చేశాడు. కాంక్‌కు వచ్చి, జనాన్ని చూసి, మనసు మార్చుకుని, ఆమె అద్భుతాల మీద పుస్తకమే రాశాడు. ఫ్వాకు నగలంటే ఇష్టమట. తులూజ్ ప్రభువు భార్య అర్సింద్‌కు కలలో కనిపించి చేతి బంగారు కడియాలు అడిగిందట. ఆవిడ, కొడుకును ఇస్తే ఇస్తానని బేరం పెట్టిందట. ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో ప్రభుత్వం చర్చిల బంగారమంతా కరిగిస్తుంటే, ఈ ఊరివాళ్లు నిధిని పంచుకుని ఇళ్లలో, తోటల్లో దాచి, ప్రమాదం దాటాక తిరిగి తెచ్చి ఇచ్చేశారు. ఒక్కో ఇంట్లో ఎంత పేదరికం ఉండి ఉంటుందో ఊహించుకుని ఆ బంగారాన్ని మళ్లీ చూడండి.

కట్టడం కూడా అలాగే అంచు దాకా వెళ్లి బతికింది. 1568లో, కేథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ మధ్య మత యుద్ధాల్లో తగలబెట్టారు. విప్లవం తర్వాత పట్టించుకునే దిక్కు లేదు. 1837లో చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టరుగా తిరుగుతున్న ప్రోస్పెర్ మెరిమే ఇక్కడికి వచ్చి, ఇంత మారుమూల ఇంత సంపద ఉంటుందని అనుకోలేదని రాసి, మరమ్మతుల కోసం ప్రభుత్వాన్ని కదిలించాడు. 1873లో ప్రెమోంత్రె సంఘం సన్యాసులు వచ్చి మఠాన్ని మళ్లీ తెరిచారు. 1875లో గోడలో దాచిన పెట్టె దొరికితే అందులో ఫ్వా అవశేషాలు బయటపడ్డాయి. పడమటి వైపు రెండు బురుజుల పై భాగం మాత్రం 19వ శతాబ్దపు పనే. నాన్నకు అవి నచ్చలేదు. దూరం నుంచి ఊరి ఆకారాన్ని అవే నిలబెడుతున్నాయని నా అభిప్రాయం.

బస సంగతి. చర్చిని ఆనుకుని మఠం వాళ్ల యాత్రికుల వసతి ఉంది. పెద్ద హాళ్లలో మంచాలు, కొన్ని విడిగదులు, రాత్రి అందరూ కలిసి తినే భోజనం. ప్రధానంగా నడిచి వచ్చేవాళ్ల కోసం. ఒంటరిగానో స్నేహితులతోనో వెళితే కాంక్‌లో ఇంతకంటే మంచి చోటు లేదంటాను. తెల్లవారుజామునే సంచులు సర్దే చప్పుడు మొదలవుతుంది, అది ఓర్చుకోవాలి. పెద్దవాళ్లతో ఉన్నాం కాబట్టి మేం ఊళ్లోనే వేరే చోట దిగాం. కింది అంతస్తు గది అని మాటిచ్చి, వెళ్లాక పైకి, చెక్క మెట్ల మీదుగా ఎక్కించారు. గది శుభ్రంగానే ఉంది, కిటికీలోంచి బురుజులు కనిపించాయి. కానీ అమ్మ ఆ మెట్లకు ప్రతిసారీ భయపడింది. పాత ఇళ్లు కాబట్టి లిఫ్ట్ ఆశించకండి. మెట్లు ఎన్ని అని రాతపూర్వకంగా అడిగి, జవాబు దగ్గర పెట్టుకోండి. దుర్దూ ఒడ్డున, కింద, కారు పక్కనే పెట్టుకునే బసలు దొరుకుతాయి. రాత్రి చర్చి చూసి చీకట్లో అంత దిగాలి, అందుకే అవి నాకు నచ్చవు. రోదేజ్‌లో మామూలు హోటళ్లు బోలెడు, లిఫ్ట్ ఉంటుంది, ధర కూడా నయం. కానీ అక్కడుంటే కాంక్ రాత్రిని వదులుకున్నట్టే.

భోజనానికి ఈ ప్రాంతంలో శాకాహారులు మరీ పస్తులుండక్కర్లేదు. అలిగో అని ఉడికించిన బంగాళదుంపను తాజా చీజ్‌తో సాగేదాకా కలిపి, వెల్లుల్లి వేసి పెడతారు. పక్కన సాసేజ్ వస్తుంది, వద్దని ముందే చెప్పాలి. ఫార్సు అని ఆకుకూర, ఉల్లి, పిండి కలిపి పెనం మీద వేసే అట్లుంటాయి. గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల మాంసం కూడా కలుపుతారు, అడిగే తినండి. అమ్మ అలిగోతో సరిపెట్టుకుంది, నేను కలుపుకెళ్లిన పులిహోర రెండో పూటకు అక్కరకొచ్చింది. మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడు దాకా వేడి భోజనం దొరకదు. వైన్ తాగేవాళ్లకు పక్క లోయలోని మార్సియాక్ ఎరుపు దొరుకుతుంది.

ఈ వైపే ఉన్న మరో యాత్రాస్థలం రోకమదూర్‌తో పోల్చి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. కొండకు వేలాడే ఆ ఊరు దూరం నుంచి కాంక్ కంటే అద్భుతంగా ఉంటుంది, లిఫ్ట్ కూడా ఉంది. కానీ వీధంతా దుకాణాలు, జనం తోసుకుంటూ నడవాలి. ఒక్కటే చూడగలిగితే కాంక్‌కే వెళ్లండి. రోదేజ్ కేథడ్రల్‌కు ఒక గంట చాలు. ఎర్ర రాయి, 87 మీటర్ల గంటల బురుజు, కోటగోడలా మూసుకుపోయిన పడమటి ముఖం. తులూజ్‌లో ఉండేవాళ్లు తిరిగొచ్చాక సాంత్ సెర్నాన్‌కు మళ్లీ వెళ్లాలి. 115 మీటర్ల పొడవు, ఇటుక, అదే పద్ధతి. నాన్న అక్కడ గ్యాలరీ కప్పు కోసం తలెత్తి వెతికిన తీరు చూస్తే, కాంక్ చూడకముందు అదే చోట ఎన్నిసార్లు ఊరికే నడిచి వెళ్లామో అనిపించింది.

ఏప్రిల్ చివర నుంచి అక్టోబరు మొదటి దాకా వెళ్లడం మంచిది. ఆగస్టులో గదులు దొరకవు, నెలల ముందే పట్టుకోవాలి. చలికాలంలో చాలా బసలు, హోటళ్లు మూసేస్తారు, రాత్రి వివరణ, గ్యాలరీ ఉంటాయో లేదో టూరిస్టు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి. వచ్చేటప్పుడు కారుంటే నది అవతలి కొండ మీద బాంకరెల్ అనే చోటికి ఎక్కండి. ఊరంతా, చర్చితో సహా, ఎదురుగా కనిపిస్తుంది, దిగి నడవాల్సిన పని కూడా లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ ఒక్క చోటు ఊళ్లోని సందులన్నిటికీ సమానం.